మెలిత్తను మూడుసార్లు పిలిచినవాడు

నా భర్త పిలిచే పిలుపుకు, బతికున్న నా బిడ్డ కూడా వెళ్ళిపోతుందేమోనని నా భయం. అంతకంటే పెద్ద భయం నాకు లేదు.

యూథియాస్ ఏథెన్సు నాటకశాలలో ఆడవేషాలు కడతాడు. ఈ వసంతోత్సవానికి, చనిపోయిన కూతుర్ని పిలిచే తల్లి వేషం వచ్చింది. ఊరుగాని ఊళ్ళో పోయినవాళ్ళ ప్రాణం ఇల్లు చేరాలని పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తాం కదా. మా పెద్దది మెలిత్త కిందటేడు ఐగినా దీవిలో, మా అమ్మ దగ్గర, జ్వరంతో పోయినప్పుడు నేనూ అలాగే పిలిచాను.

"ఆ రోజెలా పిలిచావో ఒక్కసారి పిలవ్వే," అన్నాడు.

"సిగ్గులేదటయ్యా? ఒళ్ళో పాలుతాగే పిల్లుంది."

"ఆటలో పేరు వేరేలే. నాక్కావలసింది నీ గొంతు."

మెలిత్త పోయినప్పుడు ఆయన కంట చుక్క రాలలేదు. ఇలాగైనా ఏడుస్తాడని నేర్పాను.

ఆటరోజు పొద్దున్నే, పోయినవాళ్ళ ప్రాణాలు గడప దాటకుండా గుమ్మానికి తారు పూసి, చిన్నది ఫిలిన్నా చెవుల్లో ఉన్ని పెట్టి లోపల కూర్చున్నాను. మా సందు నాటకశాల వెనకే. జనం గోల ఒక్కసారిగా అణిగింది. తర్వాత నా గొంతే నాకు వినిపించింది.

"మెలిత్తా!"

పేరు మార్చలేదు. మూడోసారి పిలిచేసరికి ఫిలిన్నా పాలు వదిలేసి, గుమ్మం వైపు తిరిగి, ఎత్తుకోమన్నట్టు చేతులు చాపింది. అక్కడెవరూ లేరు.

సాయంత్రం పక్కింటి సిమఖే అత్త వచ్చింది. "నా మొగుడు పోయినప్పుడు నేనే మీ ఆయనంత బాగా ఏడవలేదే! మగాళ్ళంతా ముక్కులు చీదుకున్నారట, మా అల్లుడు చెప్పాడు."

"మరి ఆయనేడీ అత్తా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆటలో తొడుక్కున్న తల్లి ముఖాన్ని, నాటకాల దేవుడు దియోనిసోస్ గుళ్ళో మొక్కుగా తగిలించి అక్కడే కూర్చున్నాడట. నీకు చెప్పమన్నాడు. 'పిలిస్తే మెలిత్త పలికింది. నా చెయ్యి పట్టుకుని వదలట్లేదు. నేనింటికొస్తే అదీ వస్తుంది, చెల్లెల్ని ఆడుకోడానికి తీసుకుపోతుంది' అని."

ఇవాళ్టికి నాలుగు రోజులు. పిల్లను వదిలి వెళ్ళలేను, ఎత్తుకుని అసలే వెళ్ళలేను.

మీరెవరైనా దియోనిసోస్ గుడివైపు వెళితే ఆయన్ని చూడండి. చెయ్యి ఖాళీగా ఉంటే ఇంటికి రమ్మనండి. చిన్న చెయ్యేదో పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి ఉంటే ఏమీ అనకండి, రొట్టె పెట్టి రండి. ఇద్దరికీ పెట్టండి.