సున్నమేసిన గోడ

పాత కట్టడాలు చూసే శాఖ నుంచి సర్కారు పంపిన సారు బూటు కొనతో గోడను తట్టి నవ్వాడు. "ఇది రాతియుగపు గోడా? నిన్నటి గోడ!" అన్నాడు. కాగితం మీదా అదే రాశాడు. పక్కనున్న క్వారీ కాంట్రాక్టరూ నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోను, మీరూ మరిచిపోకూడదు.

అచ్చంపేట దారిలో బోడగుట్ట నెత్తిన, పెద్ద బండల మధ్య సందులను మూస్తూ, ఉత్త రాయి మీద రాయి పేర్చిన గోడ అది. ఇనుమెరగని కాలపు మనుషులు పిల్లల్నీ పశువుల్నీ కాచుకోవడానికి కట్టుకున్నారట. గుట్టను కోసి గ్రానైటు అమ్ముకుంటానని కాంట్రాక్టరు దిగాడు. గోడ పాతదని తేలితే గుట్ట దక్కుతుందని అర్జీ రాసింది కూలీ సంఘంలో పనిచేసే నేనే. గుట్ట పోతే గొర్రెలకు మేత లేదు, కింది కుంటకు నీళ్లు దిగవు, ఊరంతా వలస బస్సెక్కాలి. సొంత రాష్ట్రం వచ్చి ఏడేళ్లు దాటినా మా గతి ఇదే.

సారు వస్తున్నాడని తెలిసి గొర్రెలకాపరి గుర్వయ్య ఊరిని పోగుచేశాడు. "పెద్దసారు మన గుట్టకొస్తుండు. గోడ గిట్ల కూలి కనవడితే ఊరి ఇజ్జత్ పోతది" అన్నాడు. దేవుని గద్దెకు చేసినట్టే చేశారు. జారిన రాళ్లెత్తి పేర్చారు, సందుల్లో సిమెంటు మెత్తారు, సున్నం కొట్టి ఎర్రని జాజు పట్టెలు దిద్దారు. నేనప్పుడు హైదరాబాద్‌లో వకీలు గడపలో పడిగాపులు కాస్తున్నాను, సారు వచ్చిన పొద్దుకే ఊరు చేరాను. ముందే ఉంటే ఆపేవాణ్ణి. మాది తెలివితక్కువే, ఒప్పుకుంటాను. కానీ సున్నం గీకి కింది రాయి చూడటానికి ఆ సారుకు చెయ్యి రాలేదే!

"సున్నమే నిన్నటిది సారూ, రాళ్లు గావు! జర గీకి సూడుండ్రి!" అని గుర్వయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. జీపు వెళ్లిపోయింది.

నెల తిరగకముందే గుట్టకు మందు పెట్టారు. పేల్చే రోజు గుర్వయ్య పోయి గోడ మీద కూర్చున్నాడు. మేమంతా బాటకు అడ్డం పడుకున్నాం.

"మనిషున్నడు, ఆపుండ్రి!" అని గొంతులు చించుకున్నాం. కాంట్రాక్టరు తలెత్తి గోడ వైపు చూశాడు. చూసే అన్నాడు, "దిగుతడు తియ్యి. పేల్చు."

గుర్వయ్య దిగలేదు. ఇరవై అడుగుల గోడ, దానితోపాటే మనిషీ పోయారు. తాగి ఎక్కాడని సాయంత్రానికే కాగితం తయారైంది. ఆయన బతుకులో కల్లు ముట్టి ఎరగడు.

మర్నాడు దవాఖాన నుంచి శవం మూటగా వచ్చింది. భార్య బక్కమ్మ దాన్ని ఇంటికి పోనివ్వలేదు. "గోడ కూలిన కాడనే పెడ్తం" అంది.

"అక్కడ పెడితే కేసు పెడతా" అన్నాడు ఎస్సై.

"పెట్టుకో. వాన్ని సంపినోని మీద ఏ కేసు పెట్టినవ్?"

ఊరంతా గుట్టెక్కింది. బండలో గొయ్యి పడలేదు. గడ్డపారలు వంగిపోయాయి. అప్పుడొచ్చారు క్వారీ కూలీలు, మందు దట్టించిన చేతులవాళ్లే. జనం వాళ్ల మీదికి లేచింది.

"కొట్టుండ్రి, పడ్తం" అన్నాడు వాళ్ల మేస్త్రి పెద్దులు. "మనిషున్నడని మేం జెప్పినా కాంట్రాక్టరు ఇనలే. మేమన్నా ఆగాలె, ఆగలే. గియ్యాల్టి సంది వాని మిషిన్ ముట్టం."

గొయ్యి అక్కర్లేదని అతనే మొదటి రాయి తెచ్చి శవం పక్కన పెట్టాడు. పేలుడుకు గుట్ట కింద దాకా దొర్లిన రాళ్లను చేతులు మారుస్తూ పైకి అందించాం. శవం మీద రాళ్లు కప్పాం. ఆ రాళ్ల మీదే తెగిన గోడను మళ్లీ లేపడం మొదలుపెట్టాం.

పొద్దుగూకకముందే పోలీసులు పదకొండు మందిని వ్యానెక్కించారు. నేనున్నాను, బక్కమ్మ ఉంది. తలుపు పడుతుంటే ఆమె జాలీ కిటికీలోంచి గట్టిగా కేకేసింది.

"ఓ పెద్దులూ! గోడ నడుం కాడికే లేసింది. ఆపినవంటే ఊకోను!"

వ్యాను ఊరు దాటేదాకా గుట్ట మీద రాయి మీద రాయి పడుతూనే ఉంది.