మిరప వేడి అనుకున్నారు

ఆ మధ్యాహ్నం చెంచయ్యగారి మిరపచేలో కోతకు సాళ్ళు పట్టినవారి వరుస ఇది: తూర్పు గట్టు నుంచి మొదట సుబ్బరావమ్మ, రెండవ సాలులో ఆమె పెద్దకోడలు అంకమ్మ, మూడవ సాలులో చిన్నకోడలు వెంగమ్మ, చివరన పొరుగింటి మస్తాన్‌బీ. అంకమ్మ భర్త యలమంద చేను చివరి కల్లంలో ఎండుకాయల బస్తాలను ట్రాక్టరుకు ఎత్తుతున్నాడు. చెంచయ్యగారు ట్రాక్టరు నీడన నిలిచి బస్తాల మూతులు చూసుకుంటున్నారు. అది 2002వ సంవత్సరం, ఫిబ్రవరి నెలాఖరు.

అంకమ్మకు ఎనిమిదవ నెల. తల పగిలిపోతున్నదని, కొమ్మన ఉన్న కాయ ఒకటి రెండుగా కనబడుతున్నదని ఆమె పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నది. అత్త కొంగు తడిపి కళ్ళకు అద్దుకొమ్మన్నది. ఆ చేలో కళ్ళు మండని మనిషి లేదు. తల నొవ్వని మనిషీ లేదు. కొన్నాళ్ళుగా పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోతే, మిరప వేడికి నీరు దిగిందని ఇంట్లో ధనియాల కషాయం కాచి పోశారు. తాగే నీళ్ళు తగ్గించారు.

"అంకమ్మా, నీ కాళ్ళు చూస్తంటే మీ అత్త రోకళ్ళు రెండూ తగిలించుకొచ్చినట్టుంది," అన్నది మస్తాన్‌బీ.

సుబ్బరావమ్మ కూడా నవ్వింది. "కాళ్ళు బరువెక్కితే మగబిడ్డే. కొయ్యండి, కొయ్యండి. మాటలతో సాలు తెమలదు."

వెంగమ్మ నవ్వలేదు. ఆమెకూ మూడవ నెల నడుస్తున్నది. ఆ సంగతి ఇంటి గడప దాటలేదు, దాటకూడదు. ఐదవ నెల నిండి అమ్మవారికి గాజులు పెట్టేదాకా కడుపు మాట పైకి పలకరాదన్నది ఆ ఇంటి కట్టుబాటు. అంకమ్మ తొలిచూలులో, పుట్టింట ఉండగా, నాలుగవ నెలలోనే నోరు జారింది. ఆ బిడ్డ ఎనిమిదవ నెలలో ఊపిరి లేకుండా పుట్టింది. అప్పుడు కూడా తల్లి కాళ్ళు ఇట్లాగే ఉబ్బాయి. అది ఎవరికీ గుర్తు లేదు. నోరు జారిన సంగతి మాత్రం అందరికీ గుర్తున్నది. అందుకే ఈసారి గాజులు పెట్టిన తరువాత కూడా సుబ్బరావమ్మ ఆమెను ఊరికి వచ్చే నర్సు కంట పడనివ్వలేదు. అంతలో కోతలు వచ్చాయి. కోతల్లో పని మాని ఆసుపత్రికి పోయేవారెవరు?

సుబ్బరావమ్మ కఠినురాలు కాదు. రోజూ సాయంత్రం కోడలి పాదాలకు ఆముదం రాసింది ఆమే. ఆ వాపును రోజూ తడిమినదీ ఆమె చేతులే.

సాలు సగంలో అంకమ్మ ఒడిలోని కాయలు జారిపోయాయి.

"వెంగీ, మబ్బు పట్టిందా?" అని అడిగింది.

ఎండ నిట్టనిలువున ఉన్నది. వెంగమ్మ జవాబు చెప్పేలోగానే అంకమ్మ చెట్ల మీదికి ఒరిగింది. పళ్ళు గిట్టకరుచుకున్నాయి; కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. గుర్రపువాతమని మస్తాన్‌బీ కేకవేసింది. యలమంద పరుగున వచ్చాడు.

బస్తాలు దించితే పట్నం మిర్చి యార్డులో ఈ రోజు అమ్మకం తప్పిపోతుందని, పైన పడుకోబెట్టవచ్చునని చెంచయ్యగారు అన్నారు. ఎదురాడే అలవాటు లేని యలమంద భార్యను ఆ బస్తాల మీదికే ఎత్తాడు. ప్రతి కుదుపుకూ ఘాటు లేచింది. వెంట ఎక్కిన సుబ్బరావమ్మ, వెంగమ్మలతో సహా అందరూ పట్నం దాకా దగ్గుతూనే ఉన్నారు. అంకమ్మ ఒక్కతే దగ్గలేదు.

ప్రభుత్వాసుపత్రిలో నర్సు మాధురి అంకమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, వెంటనే డాక్టరమ్మను పిలిచింది. బిడ్డ గుండె చప్పుడు అందడం లేదని, ముందు తల్లిని దక్కించుకోవాలని డాక్టరమ్మ చెప్పి తలుపు మూయించింది. యలమంద గోడవారన కూలబడ్డాడు.

కొంతసేపటికి బయటికి వచ్చిన మాధురి, ఇంతకు ముందు ఎక్కడ చూపించారని అడిగింది. ఎక్కడా చూపించలేదని, తొలి బిడ్డ ఎనిమిదవ నెలలో ఊపిరి లేకుండా పుట్టిందని యలమంద చెప్పాడు.

"మొదటి కాన్పు అలా పోయిందంటే, ఈసారి నెల తప్పగానే తీసుకురావాలమ్మా. అప్పటినుంచీ బీపీ చూస్తూ ఉంటే, పెరగడం మాకు ముందే తెలిసేది. మందిచ్చేవాళ్ళం. వాపు కనపడిన రోజే ఇక్కడ పడుకోబెట్టేవాళ్ళం."

"మిరప వేడనుకున్నామమ్మా," అన్నది సుబ్బరావమ్మ.

మాధురి పట్టీని మడిచి చేతిలో పెట్టుకొని లోపలికి తిరిగింది. వెంగమ్మ అడుగు ముందుకు వేసింది. ఆ అడుగు ఎందుకో సుబ్బరావమ్మకు వెంటనే తెలిసింది. కోడలి మణికట్టు పట్టుకున్నది.

"ఇప్పుడొద్దే. ఒకటి పోయిందిగా. ఇదన్నా నిలవనియ్యి. చెప్పబాక."

"చెప్పకుండానే పోయింది అత్తా," అన్నది వెంగమ్మ.

మణికట్టు విడిపించుకున్నది. యలమంద తలెత్తి చూశాడు. వరండాలో కూర్చున్న తెలియనివారు కూడా చూశారు.

"అమ్మా, నాకు మూడో నెల. నా చెయ్యి కూడా చూడు."

సుబ్బరావమ్మ కొంగుతో చెవులు మూసుకొని గోడవైపు తిరిగింది. మూసిన తలుపు వెనుక అంకమ్మ బ్రతుకుతుందో లేదో అప్పటికి ఎవరూ చెప్పలేకపోయారు. మాధురి బల్ల చూపించింది. వెంగమ్మ కూర్చుని, మిరప ఘాటు వదలని చేతిని చాచింది.

తరతరాలుగా కడుపును దాచుకున్న ఆ ఇంటి స్త్రీలలో, ఐదవ నెల నిండకముందే, అత్త ఎదుట, నలుగురూ వినగా, ఆ మాటను తన నోటితో పలికిన మొదటి మనిషి వెంగమ్మ. ఆమెను ఎవరూ ప్రోత్సహించలేదు. ఎవరూ వెంట నిలవలేదు. ఆ పని పూర్తిగా ఆమెదేనని గౌరవంతో చెప్పవలసి ఉన్నది.