రెండుసార్లు నొక్కిన సేవ్

పొద్దున టిఫిన్ గిన్నెలు కడిగి బోర్లించగానే టైపు టీచరమ్మ భోజనాల బల్ల శుభ్రంగా తుడిచి, లాప్‌టాప్ తెరిచి కూర్చునేది. ఎదురుగా కుర్చీలో ఆవిడ భర్త. ముప్పై నాలుగేళ్లు సినిమా హాలులో బొమ్మ వేసిన మనిషి కాబట్టి అందరూ ఆయన్ని ఆపరేటరుగారనే పిలిచేవారు. "చెప్పండి, నిన్న ఎక్కడ ఆపాం?" అని ఆవిడ అడిగేది. ఆయన కళ్లు మూసుకుని చెప్పుకుపోయేవాడు, ఆవిడ టకటకా కొట్టుకుపోయేది. గంట కాగానే సేవ్ నొక్కేది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత మూత వేసి కూరగాయలు ముందేసుకునేది.

చూసేవాళ్లకి ముచ్చటగానే ఉండేది. కానీ ఆ ముచ్చటలోనే ఒక పొరపాటు రెండేళ్లుగా హాయిగా కాపురం చేస్తోంది. చదివేవారు తొందరపడి నవ్వకండి. అలాంటిది మన ఇళ్లల్లోనూ ఏ మూలో ఉండే ఉంటుంది.

టీచరమ్మ తెలివితక్కువ మనిషి కాదు. ఒకప్పుడు మేడ మీద రెండు గదుల్లో పన్నెండు టైపు మిషన్లతో ఇన్‌స్టిట్యూట్ నడిపింది. పొద్దున ఆరింటికే మెట్ల మీద చెప్పుల జతలు బారులు తీరేవి. పన్నెండు మిషన్లూ ఒక్కసారి మొదలెడితే కింద దుకాణం వాళ్లు ఒకరి మాట ఒకరికి వినపడక సైగలు చేసుకునేవారు. ఆ గదుల్లో తప్పు కొట్టినా మన్నింపు ఉండేదిగానీ, అడుగున కార్బన్ పెట్టకుండా కాగితం ఎక్కించినవాడికి మాత్రం ఉండేది కాదు. వాడు ఆ పూట ఇంటికి పోవలసిందే. "అసలు కాగితానికి కాళ్లుంటాయి నాయనా, ఎటైనా పోతుంది. నకలొకటి మన దగ్గర పడుండాలి" అనేది ఆవిడ.

ఆ రోజుల్లో హాలు ప్రొజెక్టరులో వెలుగు కూడా కార్బన్ కడ్డీలు మండితేనే వచ్చేది. భోజనాలకి కూర్చుంటే మొగుడూ పెళ్లాం ఇద్దరి వేళ్లూ నలుపే. "మన జాతకాలు బొగ్గుతో రాశారోయ్" అని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు తలచుకుంటే ఆవిడకి ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

కాలం తన పని తాను చేసుకుపోయింది. హాలు మూతపడింది, మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. ఆపై ఆయనకి మరుపు మొదలైంది. మొదట కళ్లజోడు, తర్వాత వీధి పేరు, తర్వాత తమ్ముడి కొడుకు మొహం. "మెల్లమెల్లగా పెరుగుతుందమ్మా. చెప్పగలిగినప్పుడే చెప్పించుకోండి" అన్నాడు డాక్టరు. పాతవి ఇంకా చెక్కు చెదరలేదు. అందుకని ఆవిడ పట్టుబట్టి చెప్పించుకుంది. గోడలోని చిన్న కంత గుండా ఆయన చూసిన జనం, రీలు తెగితే లేచే ఈలలు, రెండు హాళ్లకి ఒకటే సినిమా పెట్టె అయితే అవతలి హాలు నుంచి సైకిలు మీద రీలు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డ సాయంత్రాలు, అన్నీ ఆయన నోటి మాటల్లోనే రెండు వందల పద్నాలుగు పేజీలయ్యాయి.

లాప్‌టాప్ కొనిచ్చింది కూతురు. దాంతోపాటు అరచేతిలో పట్టే చిన్న డ్రైవ్ కూడా ఇచ్చింది. "అమ్మా, వారానికోసారి ఇందులోకి ఎక్కించి బీరువాలో పెట్టు" అంది. నెట్‌లో దాచే ఏర్పాటు కూడా చేస్తానంది. "మన ఇంటి మాటలు ఎక్కడో ఆకాశంలో ఎందుకే?" అని తల్లి కొట్టిపారేసింది. లాప్‌టాప్‌కి తాళం మాట, అదే పాస్‌వర్డ్, పెట్టుకోమంటే పెట్టుకుంది. మరిచిపోతానని దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ మీద రాసి, మూత మీదే అంటించింది. డ్రైవ్‌ని ప్యాకెట్ విప్పకుండా లాప్‌టాప్ సంచి జేబులోనే భద్రం చేసింది. రెండూ ఒకచోట ఉంటే వెతుక్కోనక్కర్లేదు కదా!

ఇంట్లో వదిలి వెళ్తే ఎవరైనా ఎత్తుకుపోతారని ఆ సంచిని ఆవిడ ఎక్కడికి వెళ్లినా భుజాన వేసుకునే వెళ్లేది. ఆ రోజు డాక్టరు దగ్గరికీ అలాగే తీసుకెళ్లింది. ముందుగదిలో ఇనుప కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఆవిడ చీటీ రాయిస్తుండగా ఆపరేటరుగారు లేచి, తన సినిమా హాలు మెట్లనుకున్నాడో ఏమో, మెట్ల వైపు నడిచిపోయాడు. ఆవిడ సంచి కుర్చీలో వదిలి, "కాస్త చూస్తుండమ్మా" అని పక్కనున్న ఇల్లాలికి చెప్పి పరుగెత్తింది. మూడో మెట్టు మీద ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చేసరికి ఆ ఇల్లాలిని డాక్టరు లోపలికి పిలిచారు. కుర్చీ ఖాళీగా ఉంది.

పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదులు రాసే రైటరు ఆవిడని చూడగానే గభాలున లేచి నిలబడ్డాడు. ఆరింటి బ్యాచ్‌లో మూడో మిషన్ మీద నేర్చుకున్నవాడు. మంచినీళ్లు తెప్పించి, ఆపరేటరుగారికి ఫ్యాను కింద కుర్చీ వేయించి, రాయడం మొదలుపెట్టాడు.

"సీరియల్ నెంబరు ఏమన్నా రాసుకున్నారా టీచర్‌గారూ?"

"లేదు నాయనా. నల్లగా ఉంటుంది."

"తాళం పెట్టారా?"

"పెట్టాను." ఆవిడ గొంతు తగ్గించింది. "మూత మీద రాసి ఉంది."

రైటరు తల ఎత్తలేదు. "పోన్లెండి, అందులో ఉన్నవాటికి నకలు ఎక్కడుందండీ?"

"ఉంది కదయ్యా! నేనెప్పుడన్నా నకలు లేకుండా కొట్టానా? రోజూ రెండుసార్లు సేవ్ నొక్కాను. ఒకటి అసలుకి, ఒకటి నకలుకి."

కలం ఆగిపోయింది. అతను నవ్వలేదు. తనకి వేళ్లు పట్టుకుని అక్షరాలు నేర్పిన మనిషికి ఈ మాట ఎలా చెప్పాలో తెలియక కలానికి మూత పెట్టేశాడు. తర్వాత ఇంకో కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. "టీచర్‌గారూ, ఎన్నిసార్లు నొక్కినా అది ఒకటే కాగితమండీ. ఆ కాగితం ఆ పెట్టెలోనే ఉంటుంది" అన్నాడు.

ఆవిడకి కార్బన్ పెట్టలేదని తను మెట్లు దింపేసిన పిల్లలందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లలో ఏ ఒక్కరి తప్పూ ఇంత పెద్దది కాదు.

పంతొమ్మిదో రోజున లాప్‌టాప్ దొరికింది. వాడేసిన సామాన్లు అమ్మే దుకాణంలో ఉంటే రైటరు స్వయంగా తెచ్చి చేతికిచ్చాడు. చీటీ చింపిన గుర్తు మూత మీద అలాగే ఉంది. సంచీ లేదు, డ్రైవూ లేదు. కూతురు సెలవు పెట్టుకుని వచ్చి పూటంతా దాని ముందు కూర్చుంది. చివరికి తల్లి మొహంలోకి చూడలేక, "మొత్తం తుడిచేశారమ్మా. ఏమీ మిగల్లేదు" అంది. ఇల్లు దొరికినా ఇంట్లో మనుషులు లేనట్టయింది.

"ఈమధ్య నాన్నకి పాతవీ జారిపోతున్నాయి. నీకు గుర్తున్నంత మళ్లీ కొట్టమ్మా. నువ్వే కదా కొట్టింది?" అంది కూతురు.

టైపు తెలిసినవారికే తెలిసిన సంగతి ఒకటుంది. చేతి కింద పరుగెత్తే మాట బుర్రలో నిలవదు. అర్థం కోసం ఆగితే వేగం పడిపోతుందని ఆవిడే అందరికీ నేర్పింది. ఇప్పుడు కూర్చుని కొడితే పదిహేడు పేజీలు వచ్చాయి. సంగతులున్నాయి గానీ అవి ఆవిడ మాటల్లో ఉన్నాయి. ఆయన విరుపు, ఆయన వెటకారం, కథ మధ్యలో "ఆగు, అక్కడే ఉంది అసలు తమాషా" అని ఊరించడం ఒక్క పేజీలోనూ లేవు. పదిహేడో పేజీ దగ్గర ఆవిడ మూత వేసి వెక్కి వెక్కి ఏడ్చింది.

రెండు నెలల తర్వాత పాత విద్యార్థులంతా గ్రంథాలయం హాలులో కలుసుకున్నారు. రైటరే పూనుకుని అందరినీ పిలిచాడు. నలభై మందిదాకా వచ్చారు. జుట్లు నెరిశాయి, పొట్టలు పెరిగాయి. అయినా టీచరమ్మ లోపలికి రాగానే చేతుల్లో ఉన్నవి పక్కన పెట్టి బుద్ధిమంతుల్లా నిలబడ్డారు. "నాలుగు మాటలు చెప్పండి టీచర్‌గారూ" అన్నారు. ఆపరేటరుగారిని ముందు వరుసలో కూర్చోబెట్టి ఆవిడ వేదిక మీద నిలబడింది. జరిగింది జరిగినట్టు, రెండు సేవ్‌లతో సహా, ఏమీ దాచకుండా చెప్పింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమని, అంతలోనే నోరు మూసుకున్నారు.

ముందు వరుసలోంచి ఆయన అడిగాడు. "ఏం పోయిందోయ్ నీకు?"

"మీరు చెప్పిన మాటలండీ."

"ఓస్, అంతేనా! నేనిక్కడే ఉన్నాగా. అడుగు, చెప్తా."

ఆవిడ ఆశ చంపుకోలేక అడిగింది. "మీరు బొమ్మ వేసిన మొదటి రోజు సంగతి చెప్పండి."

ఆయన హుషారుగా ముందుకి జరిగి కూర్చున్నాడు. "ఆ రోజు..." అన్నాడు. చెయ్యి గాల్లోకి లేచి, ఏదో తిప్పబోతున్నట్టు అక్కడే నిలిచిపోయింది. ఆయన ఆ చేతినే చూసుకున్నాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లని చూసి, మర్యాదకి చిన్నగా నవ్వాడు. రైటరు తల దించుకున్నాడు.

ఆవిడ దిగి వచ్చి ఆయన చెయ్యి మెల్లగా కిందికి దించి, తన చేతిలో ఉంచుకుంది. అక్కడే నిలబడి, ఒకప్పుడు పాఠం చెప్పిన గొంతుతోనే అంది.

"చూశారు కదా. ఇంటికెళ్లగానే మీకు అక్కరైనవి ఇంకో డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని వేరే ఇంట్లో పెట్టండి. తాళం మాట కాగితం మీద రాసి తగిలించకండి. సీరియల్ నెంబరు విడిగా రాసుకోండి. సంచిని నిమిషమైనా ఒకరికి అప్పజెప్పకండి. తెలియకపోతే పిల్లల్ని అడగండి, నాలా అంతా తెలుసనుకోకండి. యంత్రం పోతే ఇంకొకటి వస్తుంది. అందులో దాచుకున్న మాట పోతే, ఆ మనిషి మన ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, అది తిరిగి రాదు."