ఒడ్డున నిలబడే మనిషి

మోకాలి దగ్గర జిగురు మళ్ళీ ఊడింది. మార్లిస్ పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, చంకల దాకా వచ్చే ఆ రబ్బరు లాగుని ఒళ్ళో పరుచుకుని, చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్దుతోంది. అది మొగుడు హార్లన్ వాడి వదిలేసింది. ఏటి అంచున నీళ్ళలో కాలు పెట్టినా ఎడమ కాలికి చెమ్మ ఊరుతుంది. ఈ చలికాలానికైనా తనకంటూ ఒకటి కొనమని పోయిన నెలలో అడిగింది. హార్లన్ పేపర్లోంచి తల ఎత్తలేదు. "ఒడ్డున నిలబడేదానివి. నీకు కొత్తది ఎందుకు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అనుంటే ఆవిడకి ఇంత కోపం వచ్చేది కాదేమో. ఇంట్లో ఒక కుర్చీ ఉండగా ఇంకో కుర్చీ ఎందుకు అన్నంత మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనమే గొంతులో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

చలికాలంలో ట్రౌట్ చేపల కోసం మోంటానా కొండల్లోకి వచ్చేవాళ్ళు తక్కువ. వచ్చేవాళ్ళు మాత్రం పిచ్చి ఉన్నవాళ్ళు. వాళ్ళని ఏటికి తీసుకెళ్ళి, ఏ మడుగులో చేప ఉందో చూపించి, గాలం వేయించడం హార్లన్ వృత్తి. ఊరంతా అలాగే అంటుంది, హార్లన్ వృత్తి అని. వచ్చినవాళ్ళ పక్కలు వేసేది, తీసేది, వాళ్ళ తడి మేజోళ్ళు పొయ్యి చుట్టూ ఆరేసేది, తెల్లవారకముందే లేచి దుప్పిమాంసం పులుసు ఫ్లాస్కుల్లో నింపేది, ట్రక్కు అద్దాల మీద మంచు గీకేది, వాళ్ళు ఏటి వెంట దిగువకి నడిచి వస్తే ట్రక్కు తీసుకుని అక్కడికి ముందే చేరేది, పొద్దుగూకేసరికి చేపల జిగట అంటిన వలలు కడిగేది మార్లిస్. దానికి వృత్తి అని పేరు లేదు. దానికి అసలు పేరే లేదు. అత్తగారు ఆర్డిస్ ఒక్కసారి మాత్రం పేరు పెట్టింది. "నువ్వు వాడికి తోడుగా వెళ్తావు, అది మంచి అలవాటే" అంది.

ఒకప్పుడు మార్లిస్ ఏట్లోనే నిలబడేది. రైల్వేలో పనిచేసే తండ్రి ఆవిడకి చిన్నప్పుడే దారం విసరడం నేర్పాడు. వంతెన కింద మడుగులో, నడుంలోతు నీళ్ళలో నిలబడి గాలం వేస్తున్న పిల్లని చూసే హార్లన్ మొదటిసారి ట్రక్కు ఆపాడు. "నువ్వు విసురుతుంటే దారానికి ప్రాణం ఉన్నట్టుంది" అన్నాడు. ఆ రోజు ఆవిడ పట్టినన్ని చేపలు తను పట్టలేదని పెళ్ళిలో అందరికీ చెప్పి నవ్వించాడు కూడా. పెళ్ళయిన మొదటి చలికాలం, "ఇవాళ్టికి ట్రక్కు దగ్గర ఉండు, వచ్చినాయన కొత్తవాడు, నేను ఆయన్ని చూసుకోవాలి" అన్నాడు. సరే, ఇవాళ్టికేగా అనుకుంది. ఆ ఇవాళ ఇరవై ఏళ్ళు దాటిపోయింది. నీళ్ళలో నిలబడిన పిల్లని ఇష్టపడి చేసుకున్నవాడు ఆ పిల్లని ఒడ్డెక్కించి, ఇక దిగనివ్వలేదు. తోసి ఎక్కించలేదు. "ఇవాళ్టికి" అనే మాటతో ఎక్కించాడు. ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకోవడానికి అందులో ఒక దెబ్బ లేదు, ఒక తిట్టు లేదు.

మరి ఆవిడని ఒడ్డున ఎందుకు నిలబెట్టుకున్నాడంటే, హార్లన్ వేళ్ళు. చలి తగిలితే వేళ్ళ కొసలు కొవ్వొత్తుల్లా తెల్లబడి చచ్చుబడిపోతాయి. చలికాలంలో చేప పెద్ద ఎర ముట్టదు. నువ్వుగింజంత గాలానికి ఈక, దారం చుట్టి దోమలా తయారుచేసిన దాన్నే ముడుతుంది. అంత చిన్నదాన్ని వెంట్రుకలాంటి దారానికి ముడి వెయ్యాలంటే వేళ్ళు చెప్పిన మాట వినాలి. హార్లన్ వేళ్ళు వినవు. అందుకని ఆయన వెనక్కి నడిచొస్తాడు, మార్లిస్ చేతి తొడుగులు తీసేసి ముడి వేస్తుంది. గాలం కర్ర మీద దారం దూరే కంతల్లో గడ్డకట్టిన మంచుని పంటితో కొరికి తీస్తుంది. మళ్ళీ ఆయన వెళ్తాడు. ఇది ఎవరికీ తెలియకూడదు. వచ్చినవాళ్ళు అడిగితే, "మా ఆవిడ. కాఫీ చల్లారకుండా చూసుకోవడానికి వస్తుంది" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. మార్లిస్ కూడా నవ్వుతుంది. ఆ నవ్వు వెనక ఎంత కోపం పేరుకుందో ఆవిడకి తెలియదు. తెలుసుకునే తీరిక కూడా ఎప్పుడూ దొరకలేదు.

ఆ శనివారం వచ్చినాయన పేరు వెండెల్. మినియాపొలిస్‌లో పళ్ళ డాక్టరు, పని మానేసి విశ్రాంతిగా ఉన్నాడు. మంచి మనిషే. ట్రక్కు దిగుతూ మార్లిస్‌ని, "మీరు గాలం వెయ్యరా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపే హార్లన్, "తనకి అంత ఓపిక లేదు" అన్నాడు. మార్లిస్ ఫ్లాస్కు మూత బిగించింది. ఓపిక లేదట. గంటల తరబడి మంచులో నిలబడి, ఎవరో వెయ్యబోయే గాలానికి ముడులు వేసేదానికి ఓపిక లేదట.

మధ్యాహ్నానికి ఎండ కాస్త తగిలింది. వెండెల్ మలుపు దాటి ఎగువ మడుగు దగ్గర కుదురుకున్నాడు. హార్లన్ కింద ఉన్న మడుగు ఎలా ఉందో చూసొస్తానని, ఒడ్డు వెంట నీళ్ళ మీదికి పేరుకున్న మంచు పలక మీద నడిచాడు. అలా నడవకూడదని వచ్చిన ప్రతివాడికీ చెప్పేది ఆయనే. పలక చప్పుడు లేకుండా విరిగింది. మనిషి గుండెల దాకా దిగిపోయాడు. అక్కడ లోతు ఎక్కువ, ప్రవాహం కాళ్ళని పలక కిందికి లాగుతోంది. రెండు చేతులూ మంచు అంచు మీద వేశాడు గానీ ఆ వేళ్ళు దేన్నీ పట్టుకోలేవు.

"మార్లిస్" అని పిలిచాడు. అరవలేదు. అంత చలిలో అరుపు రాదు. చెయ్యి చాచాడు.

మార్లిస్ ఒడ్డున నిలబడి ఉంది. నిలబడే ఉంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ క్షణాలు పొడుగ్గానే కనిపించాయి ఆవిడకి. భయంతో కాళ్ళు ఆడకపోవడం కాదు అది. కాళ్ళు బాగానే ఉన్నాయి. బుర్ర చాలా తేటగా ఉంది, ఎండ పడ్డ నీళ్ళలా. ఆ తేటలో ఒక్క మాట తేలింది: ఒడ్డున నిలబడేదానివి. సరే, నిలబడ్డాను. ఇదిగో, నువ్వు చెప్పిన చోటే నిలబడ్డాను. ఆ మాట అనుకుంటున్నప్పుడు లోపల ఏదో వెచ్చగా కదిలింది. అది సంతోషమని గుర్తుపట్టింది.

అప్పుడు పరిగెత్తింది. పలక మీద బోర్లా పడుకుని పాకింది. వల కర్ర అందించింది, ఆయన పట్టుకోలేకపోయాడు. ఇక పక్కనున్న బండ మీంచి తనే నీళ్ళలోకి దిగింది. ఎడమ మోకాలి దగ్గర చన్నీళ్ళు కత్తిలా లోపలికొచ్చాయి. ఆయన భుజాల పట్టీ రెండు చేతులా పట్టుకుని, బండకి వీపు ఆనించి, ఊపిరి పోయేంత బలంగా లాగింది. ఆయన బూటు ఒకటి ఏట్లోనే పోయింది. మనిషి ఒడ్డు మీదికి వచ్చి పడ్డాడు. ట్రక్కులోకి ఎక్కించి, బట్టలు విప్పి, దుప్పట్లు చుట్టి, ఆ తెల్లటి చేతుల్ని తన చంకల్లో పెట్టుకుని కూచుంది. చాలాసేపటికి ఆయన పళ్ళు కొట్టుకోవడం ఆగింది. మొదట వచ్చిన మాట, "వెండెల్‌కి చెప్పకు."

మార్లిస్ ఆయన వైపు చూసింది. ఇంకేదో అంటాడని చూసింది.

"కాఫీ ఉందా?" అన్నాడు.

వెండెల్ వచ్చి ఇద్దరి తడి బట్టలూ చూసి కంగారుపడితే, హార్లన్ అప్పటికే కథ అల్లేశాడు. మార్లిస్ పలక మీద కాలేసిందట. జారిందట. తను దూకి తీశాడట. "బూటు పోతే పోయింది, మనిషి దక్కింది" అన్నాడు. ఒడ్డున నిలబడిపోయిన ఆ కాసేపు మార్లిస్ నాలుకని కట్టేసింది. ఆయన అబద్ధం చెబుతున్నాడు, నిజమే. కానీ నేను నిలబడ్డాను కదా, ఆలోచించాను కదా, నాకేం హక్కుంది అనుకుంది. చేసిన మేలు గుర్తు రాలేదు. మనసులో మెదిలిన పాపమే రాత్రంతా పక్కలో పడుకుంది. దానికి కూడా ఆవిడకి తర్వాత ఒళ్ళు మండింది. చెయ్యని తప్పుకి సిగ్గుపడడం ఎవరు నేర్పారు తనకి?

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది హాలులో భోజనాలు. ఎవరి వంట వాళ్ళు తెచ్చి పొడవాటి బల్ల మీద పెట్టుకున్నారు. హార్లన్ చుట్టూ జనం మూగారు. వెండెల్ నిన్నటి సంగతి అప్పటికే ఊదేశాడు. హార్లన్ చెప్పనంటూనే చెప్పాడు. ఈసారి కథ ఇంకాస్త పెరిగింది. మార్లిస్ నీళ్ళలో కేకలు పెట్టిందట. ఆయన మెడని ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇద్దరూ మునిగిపోయేవాళ్ళట.

"కేకలు పెట్టకేం చేస్తుంది పాపం" అంది పాస్టరు గారి భార్య. మార్లిస్ భుజం మీద చెయ్యి వేసి, "ఇక ఇంటిపట్టున ఉండమ్మా. ఆ చలిలో ఆడవాళ్ళకి ఏం పని?" అంది.

"చెబితే వింటేగా" అన్నాడు హార్లన్, నవ్వుతూ. "ఏటి దగ్గర తను ఉంటే నాకు ఒకరు కాదు, ఇద్దరు కొత్తవాళ్ళని కాసినట్టు."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఎదురుగా కూచున్న ఆర్డిస్ నవ్వలేదు గానీ, "మా హార్లన్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది" అంది.

మార్లిస్ తన పళ్ళెంలోని బంగాళాదుంపల్ని చూస్తోంది. ఆ నవ్వు వింటుంటే రాత్రంతా మోసిన సిగ్గు కాగితంలా అంటుకుంది. అంటుకుని, బూడిద కూడా మిగలకుండా పోయింది. ఇంతకాలం ఆయన తన పని తీసుకున్నాడు, పేరు తీసుకున్నాడు, ఏట్లో తన చోటు తీసుకున్నాడు. నిన్న ఆయన ప్రాణం తను తెచ్చి ఇస్తే, దాన్ని కూడా తిప్పి తనకే అప్పుగా రాశాడు. ఇప్పుడు కేకలు పెట్టింది కూడా తనేనట. తను కేక పెట్టలేదు. జీవితంలో ఒక్కసారి కూడా పెట్టలేదు. అదే కదా అసలు తప్పు.

ఫోర్కు కింద పెట్టింది.

"పడింది నేను కాదు" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "హార్లన్ పడ్డాడు. ఎవరూ నడవకూడదని తను చెప్పే చోట నడిచి పడ్డాడు. చెయ్యి చాచి నన్ను పిలిచాడు."

"మార్లిస్" అన్నాడు హార్లన్.

"ఇలాగే పిలిచాడు. నేను వెంటనే వెళ్ళలేదు. ఒడ్డున నిలబడి కాసేపు చూశాను. లాగాలా వద్దా అని ఆలోచించాను. ఆ తర్వాత దిగి లాగాను."

హార్లన్ మొహం మీద నవ్వు ఇంకా ఉంది, తీసేయడం మర్చిపోయినట్టు. "చలికి తల దిమ్మెక్కినట్టుంది" అన్నాడు చుట్టూ చూసి.

"వెండెల్ గారూ, మీ గాలానికి ముడి వేసిన వేళ్ళు ఇవి" అంది మార్లిస్, చేతులు బల్ల మీద పెట్టి. "ఆయనవి చలిలో పనిచెయ్యవు. ఇన్నేళ్ళుగా పనిచెయ్యవు. నేను కాఫీ కోసం రావడం లేదు."

వెండెల్ ఆ చేతుల వైపు చూశాడు. వేళ్ళ కొసలు పగిలి, గాలం గుచ్చుకున్న చోటల్లా నల్లటి చుక్కలున్నాయి. ఆయన తల వంచుకున్నాడు. హార్లన్ లేచి కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. బయట ట్రక్కు స్టార్ట్ అయిన చప్పుడు అందరికీ వినిపించింది.

అత్తగారిని ఇంటికి తీసుకెళ్ళే పని మార్లిస్‌దే అయింది. ఆర్డిస్ పాత కారులోనే ఇద్దరూ బయల్దేరారు. రోడ్డు పక్కన ఏరు తెల్లటి ఒడ్ల మధ్య నల్లగా పారుతోంది. ముసలావిడ తిట్లు మొదలుపెడుతుందని మార్లిస్ కాచుకుని ఉంది. జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. ఎన్నో ఏళ్ళ జవాబులు.

"ఎంతసేపు ఆలోచించావు?" అంది ఆర్డిస్.

"ఎక్కువసేపు కాదు."

ఆర్డిస్ ఒళ్ళోని ఖాళీ గిన్నె మూత సర్దింది. "హార్లన్ వాళ్ళ నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చిన రోజు నేను వంటింట్లో ఉన్నాను. పిలిచాడు. వినపడింది. సింకు నిండా గిన్నెలున్నాయి. అవన్నీ కడిగి, తుడిచి, సర్ది, అప్పుడు అంబులెన్సుకి ఫోను చేశాను." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ఆయన కూడా చెడ్డవాడేం కాదు."

మార్లిస్ స్టీరింగుని గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఈ మనిషిని రాయి అనుకుంది. ఒక్కో గిన్నె తీరిగ్గా కడుగుతున్న ఆ చేతులు, వెనకగదిలోంచి వస్తున్న ఆ పిలుపు కళ్ళకి కట్టాయి. నిన్న తన లోపల వెచ్చగా కదిలింది ఏమిటో, ఇంకో ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో ఉంటే అది ఏమవుతుందో పక్క సీట్లోనే కూచుని ఉంది. నోట్లోనే మింగుకున్న కోపం చివరికి అక్కడికే తీసుకెళ్తుంది. హార్లన్ చావాలని తను కోరుకోలేదు. కోరుకునే మనిషిగా మారడం కూడా తనకి అక్కర్లేదు.

ఆర్డిస్ ఇంటి ముందు కారు ఆపింది. ఇంజను ఆపలేదు.

"దిగండి ఆర్డిస్. మెట్ల మీద మంచుంది, చూసుకోండి. కారు ఒక వారం నా దగ్గర ఉండనివ్వండి."

ముసలావిడ దిగలేదు. "వాడు రేపు ఆ డాక్టరుని తీసుకెళ్ళాలి. వాడి వేళ్ళతో ఎలా?"

"ఆయన వేళ్ళు ఆయనవి."

"మరి నువ్వు? ఎక్కడికి వెళ్తావు ఈ చలిలో?"

"ఇంకా తెలియదు" అంది మార్లిస్. "ఏరు చాలా పొడుగుంది. ఆయన లేని మడుగు ఎక్కడో ఒకటి ఉంటుంది. అక్కడ నీళ్ళలోకి దిగుతాను."

ఆర్డిస్ తలుపు తీసి, మెల్లిగా కాలు కింద పెట్టింది. దిగి తలుపు వేసే ముందు వంగి లోపలికి చూసింది.

"వెనక్కి తిప్పకు" అంది.