కిడ్నీ వదిలేసిన ఉప్పు

"స్నానం చేయకుండా ఆ చేతులు పిండిలో పెట్టకు" అనేవాడు భర్త ఫసీయుద్దీన్. పద్నాలుగేళ్లుగా రోజూ అదే పాట. దోహాలో ఒక పెద్దాసుపత్రి ల్యాబులో రోగుల రక్తం, మూత్రం పరీక్షించడం ఖమర్ సుల్తానా ఉద్యోగం. డ్యూటీ దిగి ఫరీజ్ బిన్ మహమూద్‌లోని రెండు గదుల ఇంటికొచ్చి, తలస్నానం చేసి, రొట్టెలు చేసి, ఆయన సైట్ బట్టలు ఉతికేవి ఆ చేతులే. గల్ఫంతా దుబాయే అనుకునే అత్త బోధన్ నుంచి ఫోన్ చేసి, "దుబాయ్‌ల ఉచ్చలు చూసే కొలువని ఎవరికీ చెప్పకు బిడ్డా, ఇజ్జత్ పోతది" అనేది. ఖమర్ నవ్వి ఊరుకునేది. నవ్వక ఏం చేస్తుంది? నోరు తెరిస్తే ఇల్లు పీకి పందిరి వేసేవాడు మొగుడు.

ఇప్పుడు ఆ మొగుడి మూత్రమే చిన్న సీసాలో ఆమె ముందుకొచ్చింది. గ్యాస్ సొమ్ముతో ఊరంతా క్రేన్లు లేచిన కాలం. మెసైమీర్ సైట్‌లో జూలై ఎండకు కుప్పకూలి, మూడు రోజులుగా ఐసీయూలో తెలివి లేకుండా ఉన్నాడు. ఒంట్లో నీళ్లు ఎండిపోయినప్పుడు, బాగున్న కిడ్నీ ఉప్పును బయటికి పోనివ్వకుండా పట్టి దాచుకుంటుంది. మొదటి రోజు మూత్రంలో సోడియం, అంటే ఆ ఉప్పే, తొమ్మిదే. ఆశపడింది. ఈ రోజు డెబ్బై ఎనిమిది. మిషన్ తప్పేమోనని మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. కిడ్నీకి ఉప్పును పట్టుకునే సత్తువ పోయింది. ఖమర్ స్టూలు మీద కూలబడి, గ్లౌజులు కూడా తీయకుండా ఏడ్చింది.

ఐసీయూ బయట డాక్టర్ డయాలిసిస్‌కు ఒప్పుకోలు కాగితంతో నిలబడ్డాడు. రక్తంలో పొటాషియం కూడా పెరిగిందట, ఆలస్యమైతే గుండె ఆగిపోవచ్చన్నాడు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు నుంచి వచ్చిన మరిది ఇక్రాముద్దీన్ అడ్డుపడ్డాడు.

"ఉచ్చ సంచి నిండుతనే ఉంది గద భాబీ, కిడ్నీలు మంచిగనే ఉన్నయ్. మిషన్‌కెక్కిస్తే జిందగీ అంతా దానిమీదనే. అమ్మీని అడుగుత, జర ఆగు."

"సంచి నిండితె సరిపోదు ఇక్రామ్. కిడ్నీ చెడినా ఉచ్చ వస్తది. నేను రెండుసార్లు చూసిన."

"నువ్వు చూస్తే అయితదా? మొగోళ్లం లేమా?"

 ఖమర్ కాగితం తీసుకుని, భార్య అని ఉన్న చోట సంతకం చేసింది.

అద్దంలోంచి చూస్తే, మిషన్‌ను ఫసీయుద్దీన్ మంచం పక్కకు తోస్తున్నారు. ఆయన బతకాలని అల్లాను నిజంగానే, కడుపులోంచి వేడుకుంది. ఆయన పోతే, చచ్చేదాకా తను ఫసీయుద్దీన్ భార్యగానే మిగిలిపోతుంది. బతికితేనే, ఆయన కళ్లలోకి చూసి, ఇక నీ ఇంట్లో ఉండనని చెప్పగలదు.