సీమోను మీద మట్టి పోసినవాళ్ళు

సువార్తరాజు పోయింది డిసెంబరు పన్నెండు, శుక్రవారం పొద్దున. కెనడాలోని ఓక్‌విల్‌లో రాత్రంతా కురిసిన మంచు అప్పుడే తెరిపిచ్చింది. డ్యూటీకి బూట్లు వేసుకుంటూ, ఎడమ చెయ్యి చెప్పిన మాట వినడం లేదని నవ్వి, అలాగే గోడకు చేరబడి కూర్చుండిపోయాడు. ఆయన గుండెలో లోహపు వాల్వు ఉంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన భార్య రూపవతిని అడిగింది, రక్తం పలచబడే మాత్ర ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నాడని. ఇరవై రోజులైందని చెప్పింది. ఎందుకు మానేశాడంటే, మర్చిపోయారంది. సార్నియా నుంచి ఆ మంచులో కారు నడుపుకుంటూ వచ్చిన కూతురు హోప్‌కీ అదే చెప్పింది.

ఆయన మర్చిపోలేదు.

అక్కడి తెలుగు క్రైస్తవ సహవాసం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని కూడుతుంది. పొద్దుటి ఆరాధనవాళ్ళు తాగి వెళ్ళిన కాఫీ వాసన పోకముందే వీళ్ళ పాటలు మొదలవుతాయి. నవంబరులో ఆ హాలుకి బ్రదర్ ఎరిక్ వచ్చాడు. స్వస్థత వరం ఉన్నవాడని పేరు. తల్లిదండ్రులది కాకినాడ, తను పుట్టి పెరిగింది విన్నిపెగ్. తెలుగు ముక్క రాదు. అతను ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగితే, పక్కన నిలబడి రూపవతి తెలుగులో చెప్పాలి.

నరసాపురం మిషన్ స్కూల్లో పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి కనుక ఆ పని ఎప్పుడూ ఆమెదే. దానికో పద్ధతి ఉంది. బోధకుడు ‘నేను’ అంటే తనూ ‘నేను’ అనాలి. అతను చెయ్యెత్తితే తనూ ఎత్తాలి. గొంతు పెంచితే పెంచాలి. సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. ఎన్నడూ కలపలేదని ఆమెకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆ రోజు ఎరిక్ సువార్తరాజును ముందుకు పిలిచి, నుదుట నూనె రాసి, ఛాతీ మీద అరచెయ్యి ఆనించాడు. ప్రభువు కొత్త గుండె ఇచ్చాడని, ఇక మాత్రలతో పని లేదని ఇంగ్లీషులో అన్నాడు. సువార్తరాజుకి ఇంగ్లీషు బాగానే వచ్చు. అయినా ఆ మాట విన్నంతసేపూ నేలచూపులే చూశాడు.

“ప్రభువు నీకు కొత్త గుండె ఇచ్చాడు. ఆ మాత్రలు ఇక నీకు వద్దు,” అంది రూపవతి, చెయ్యెత్తి, గొంతు పెంచి.

అప్పుడు తలెత్తి ఆమెకేసి చూశాడు. సరేనన్నట్టు తలూపాడు. తర్వాత కెమెరా ముందు నిలబడి, తన గుండె బాగైందని సాక్ష్యం కూడా చెప్పాడు. వారం పోయాక మాత్రల డబ్బా నిండుగా ఉండటం చూసి ఇదేమిటండీ అంటే, “నువ్వే చెప్పావుగా టీచరమ్మా,” అని వేళాకోళమాడాడు. ఆమె డబ్బా మూత పెట్టేసింది. ఇంకేమైనా అంటే అవిశ్వాసమవుతుందేమోనని జంకింది.

ఏప్రిల్లో సంఘపెద్ద త్యాగరాజు గారు ఫోన్ చేశారు. బ్రదర్ మళ్ళీ వస్తున్నారు, తర్జుమాకి మీరే నిలబడాలి, మొదట్లో రాజన్నయ్య సాక్ష్యం వీడియో వేద్దామనుకుంటున్నాం, ఎంత ఆదరణగా ఉంటుందో అన్నారు. రూపవతి ఫోను బల్ల మీద పెట్టింది. సింకు దగ్గరకెళ్ళి నోరు పుక్కిలించి వచ్చి, సరే వస్తానంది. తను కాదంటే ఇంకెవరైనా నిలబడతారు. ఆ మాట ఎలాగూ తెలుగులోకి వస్తుంది.

ఆ వారం సండే స్కూల్లో రూపవతి చెప్పాల్సిన పాఠం గారడీ సీమోనుది. సమరయ ఊళ్ళో చిన్నాపెద్దా అందరూ అతన్ని దేవుని మహాశక్తి అనుకున్నారని, అపొస్తలుల దగ్గర వరాన్ని డబ్బిచ్చి కొనబోయాడని చెప్పింది. పిల్లలు నీరసంగా వింటున్నారు. అందుకని బైబిల్లో లేని, పాతకాలపు సంఘ పితరులు చెప్పుకున్న కథ కూడా ఎత్తుకుంది. సీమోను తన శిష్యుల చేత గొయ్యి తవ్వించుకున్నాడట. నన్ను పూడ్చిపెట్టండి, మూడో రోజు లేచి వస్తానన్నాడట. వాళ్ళు పూడ్చిపెట్టారు. అతను లేవలేదు.

మట్టి పోసినవాళ్ళు తర్వాత ఏం చేశారని ఒక పిల్ల ఇంగ్లీషులో అడిగింది. కథలో అది లేదంది రూపవతి. ఇంటికెళ్ళి చేతులు కడుక్కుని ఉంటారంది ఆ పిల్ల. అందరూ నవ్వారు. రూపవతి తన చేతులు బల్ల కిందికి తీసుకుంది.

తర్వాతి ఆదివారం ఎరిక్ ఆమెను కావలించుకుని, మీ వారు పైనుంచి మనల్ని చూస్తున్నారన్నాడు. అతని దగ్గర పిప్పరమెంటు వాసన, వేళ్ళకు నూనె జిడ్డు. ఆ జిడ్డు ఆమె జాకెట్టు చేతికి అంటింది. తెర మీద సువార్తరాజు నవ్వుతూ తన కొత్త గుండె గురించి చెబుతుంటే జనం చప్పట్లు కొట్టారు. పోయిన మనిషి నోట అతని ఆరోగ్యం గురించి విని చప్పట్లు కొడుతున్న ఆ చేతులన్నీ ఆమెకు రోతగా కనిపించాయి.

ప్రసంగం అయ్యాక ఎరిక్ కమలకుమారి గారిని పిలిచాడు. ఆవిడకు అరవై రెండేళ్ళు, షుగరు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకుంటుంది. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఎరిక్ నూనె రాసి, షుగరు పోయిందని, ఇక సూదులు పారెయ్యమని చెప్పి ఆగాడు.

కమలకుమారి రూపవతి నోటికేసి చూసింది.

“కమలకుమారి గారూ, ఇన్సులిన్ మానకండి,” అంది రూపవతి. “ఈయన మానమంటున్నాడు. మా ఆయన మాత్రలు మానేసే పోయాడు. మీరు మానొద్దు.”

ఎరిక్‌కు ఆ గొంతులోని బలం ఒక్కటే అర్థమైంది. రెండు చేతులూ పైకెత్తి, అందరూ ఆమెన్ చెప్పండన్నాడు. వెనక వరసలో చెవుడున్న పెద్దాయనొకరు మాత్రం గట్టిగా ఆమెన్ అన్నారు. త్యాగరాజు గారు వచ్చి మెల్లిగా ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నారు.

“దుఃఖంలో ఉన్నారు సిస్టర్, మాకు తెలుసు,” అన్నారు వంటగది గుమ్మం దగ్గర. “కానీ వేదిక మీదా?”

“ఆ వీడియో తీసెయ్యండి.”

“అన్నయ్య తన నోటితో చెప్పిన సాక్ష్యమమ్మా అది. ఎవరం బలవంతపెట్టలేదే.”

ఇంతలో కమలకుమారి కాగితపు గ్లాసుతో టీ తెచ్చి రూపవతి చేతికిచ్చింది.

“మంచి మాట చెప్పావు వదినా, నీ మాట మీదే ఉంటాను, సూదులు మానను,” అంది. మళ్ళీ తనే, మనసులో ఏమీ పెట్టుకోకుండానే అడిగింది. “మరి పోయినసారి రాజన్నయ్యకు మాత్రలు వద్దని నువ్వే చెప్పావు కదా?”

అవునంది రూపవతి. ఆ టీ తాగలేక సింకులో పోసింది.

సాయంత్రం హోప్ ఫోన్ చేసింది. అప్పటికే ఎవరో ఫోన్లో తీసిన వీడియో ముక్క సార్నియా దాకా చేరింది. “మమ్మీ, ఐ యామ్ సో ప్రౌడ్ ఆఫ్ యూ,” అంది. నాన్న మర్చిపోలేదన్నమాట, ఆ మనిషే మానమన్నాడన్నమాట అని ఇంగ్లీషులో ఒకటికి రెండుసార్లు అడిగింది.

“అవునమ్మా, అతనే,” అంది రూపవతి.

అప్పటినుంచి హోప్ రోజూ ఫోన్ చేస్తోంది. నవంబరులో ఆ మాట తెలుగులో ఎవరు చెప్పారని అడగలేదు. రూపవతి ఇంకా చెప్పలేదు.