సుబ్బులమ్మ పెట్టిన కాపడం

పెడనలో సుబ్బులమ్మ అతికిందంటే అతికిందే. మగ్గం మీద పాత పడుగు చివరికి కొత్త పడుగు కలపాలంటే రెండు వేల పైచిలుకు నిలువు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టాలి. వేలికి కాస్త బూడిద అద్దుకుని ఆమె పొద్దున కూర్చుంటే దీపాలవేళకి లేచేది. అతుకు ఎక్కడుందో దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడని మొగుడు వెంకటపతి పదిమందిలో గొప్పలు పోయేవాడు. అంత పనిమంతురాలికి, పంతొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరంలో, అతకలేనిది ఒకటి తెగింది.

తొలకరికి ముందు తాటాకు కప్పు సరిచేద్దామని వెంకటపతి ఇంటి మీదికెక్కాడు. వాసం విరిగింది. సరిగ్గా తన మగ్గం గుంట అంచు మీదే వీపు తగిలేలా పడ్డాడు. ఇరవై ఏళ్ళు ఆ గుంటలో చెక్కలు తొక్కిన కాళ్ళు ఆ క్షణం నుంచి కదల్లేదు. బందరు ఆసుపత్రిలో నెలన్నర ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

అక్కడ సంతోషమ్మ అని ఒక నర్సు ఉండేది. నోరు కరుకు, చెయ్యి మెత్తన. వెళ్ళబోయే ముందు సుబ్బులమ్మని కూర్చోబెట్టి చెప్పింది.

"చూడమ్మా, తలలో మెదడుందా? దాన్నించి వెన్నెముక లోపలగా వేలు లావున ఒక తాడు దిగుతుంది. వెన్నుపాము అంటారు. దాంట్లోంచి నరాలు చీలి కాలివేళ్ళ దాకా వెళ్తాయి. కొన్ని 'కదులు' అని పైనుంచి ఆజ్ఞ తెస్తాయి. కొన్ని 'కాలింది, గుచ్చుకుంది' అని కిందనుంచి కబురు మోస్తాయి. మీ ఆయనకి ఆ వెన్నుపాము వీపు దగ్గర నలిగి తెగింది. ఆజ్ఞా దిగదు, కబురూ ఎక్కదు."

"తెగితే అతకరా నర్సమ్మగారూ?"

"చేతి నరం తెగితే కొంతైనా మళ్ళీ పెరుగుతుంది. ఇది అతకదమ్మా. ఆ విద్య ఇంకా ఎవరికీ రాలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకో. స్పర్శ లేనన్నాళ్ళూ ఆ కాళ్ళకి వేడి తగలనివ్వకు. కాలినా ఆయనకి తెలీదు."

గుడివాడ వెళ్ళే రైల్లో ఎక్కించి, నలుగురూ పట్టుకుని పెడనలో దించారు. ఇక ఊళ్ళో సలహాలకి కరువేముంది? పక్కింటి ముసలమ్మ సీతామహాలక్ష్మి రోజూ వచ్చి, "వేడి ఇటుక గుడ్డలో చుట్టి కాపడం పెట్టవే, చచ్చుబడ్డ నరం లేచి కూచుంటుంది" అనేది. "వద్దు పిన్నీ, నర్సమ్మగారు వద్దన్నారు" అని సుబ్బులమ్మ రోజూ తోసిపుచ్చేది.

శ్రావణమాసంలో ఒకరోజు, కొబ్బరిపీచుతో అరికాలు రుద్దుతుంటే ఆ కాలు చటుక్కున ముడుచుకుంది.

"బావా! కాలు లాక్కున్నావు! నీకు తెలిసిందా?" సుబ్బులమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

వెంకటపతి ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "తెలిసింది సుబ్బులూ" అన్నాడు.

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషే సుబ్బులమ్మ. ఆ కాసేపు మొగుడు ఎందుకు ఆగాడో మాత్రం కనిపెట్టలేకపోయింది. స్పర్శ లేనన్నాళ్ళూ వద్దన్నారు నర్సమ్మగారు. వచ్చిందిగా మరి! ఆ సాయంత్రమే పొయ్యిలో ఇటుక పెట్టింది.

వాళ్ళ ఇళ్ళలో కాపడం వేడి పెట్టేవాళ్ళు చూడరు. పెట్టించుకునేవాళ్ళు "చాలు" అనాలి, అప్పుడు తీస్తారు. వాళ్ళమ్మ కాలం నుంచీ అంతే. పాదాలకి గుడ్డ చుట్టి, పట్టకారుతో ఇటుక తెచ్చి ఆనించేది.

"ఎలా ఉంది బావా?"

"కాస్త వెచ్చగా ఉంది."

"ఇంకొంచెం వేడి చెయ్యనా?"

"నీ ఇష్టం."

మూడు రోజులు పెట్టింది. ఒక్కసారీ ఆయన చాలు అనలేదు. గుడ్డ విప్పి చూడాలని ఆమెకీ తోచలేదు. నాలుగోనాడు వాసన వచ్చి విప్పితే, గుడ్డతోపాటు చర్మం ఊడివచ్చింది.

మళ్ళీ బందరు. సంతోషమ్మ ఆ పాదాలు చూసి నుదురు కొట్టుకుంది. "కాలు లాక్కుందండీ, నా కళ్ళతో చూశాను" అంది సుబ్బులమ్మ.

"లాక్కుంటుందమ్మా! కాలి కబురు వెన్నుపాము కింది ముక్క దాకా వెళ్ళి అక్కడి నుంచే తిరుగుతుంది. తల దాకా వెళ్ళదు. కాలు కదిలినా మనిషికి తెలీదు."

సుబ్బులమ్మ మొగుడి వైపు తిరిగింది. "మరి తెలిసిందన్నావుగా బావా?"

వెంకటపతి కళ్ళు మూసుకున్నాడు. "ఏమీ తెలీలేదు సుబ్బులూ. పడ్డ నాటి నుంచీ నువ్వు నవ్వలేదు. ఆరోజు నవ్వావు. లేదనడానికి నోరు రాలేదు."

ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. ఆయన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేక మంచం కోడు పట్టుకుని కూలబడింది. ఆయనకి తొమ్మిది రోజులు జ్వరం దిగలేదు. పుండు విషం ఒళ్ళంతా పాకింది. పదోనాడు వెంకటపతి పోయాడు.

పెడన తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఆఖరి స్నానానికి నీళ్ళు కాచి గంగాళంలో పోశారు. సీతామహాలక్ష్మి చెంబు ముంచబోతే సుబ్బులమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. తన చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టింది. చన్నీళ్ళు కలిపింది. మళ్ళీ పెట్టి చూసింది. మరో రెండు చెంబులు కలిపింది.

"ఇంక ఆయనకేం తెలుస్తుందే, పిచ్చితల్లీ" అని ముసలమ్మ భోరుమంది.

"తెలీదనేగా పిన్నీ, నేను చూస్తున్నది" అంది సుబ్బులమ్మ. చెంబు తీసుకుని, ముందు పాదాల మీద పోసింది.